60 అడుగుల దగ్గరే టైం పోతోంది, బూస్ట్ పెంచాలా?

ఫాక్స్‌బాడీ_89:
డల్లాస్ దగ్గర ఉంటాను, డ్రాగ్ రేసింగ్ (నిలిచిన చోటు నుంచి నేరుగా దూసుకుపోయే రేసు) కోసం ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌కి వెళ్తుంటాను. కారు 89 మస్టాంగ్, టర్బో, వెనక 275 డ్రాగ్ రేడియల్స్ (పట్టు ఎక్కువుండే రేసు టైర్లు). పోయినసారి మూడు రన్లలో మొదటి 60 అడుగులు దాటడానికి పట్టిన టైం 1.58, 1.71, 1.62 సెకన్లు. లాంచ్ (బయల్దేరేటప్పటి) ఆర్‌పీఎం అదే, టైర్ గాలి అదే. వదలగానే ముక్కు కుడికి లాగుతుంది, గోడ కనిపిస్తే కాలు దానంతటదే లేచిపోతుంది. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) పెంచితే సర్దుకుంటుందా? లాగర్ (రన్ డేటా రికార్డు చేసే పరికరం) ఉంది కానీ ఎప్పుడూ తెరిచి చూడలేదు, తిట్టుకోండి.

కుడిచక్రం:
తిట్టడమే కరెక్ట్ 😀 ఉన్న పవరే నేలకి దిగడం లేదు బ్రో, ఇంకా పోస్తానంటావేంటి. సాలిడ్ యాక్సిల్‌లో (వెనక రెండు చక్రాలకీ ఒకే ఇరుసు) డ్రైవ్‌షాఫ్ట్, అంటే పవర్‌ని వెనక్కి తెచ్చే కడ్డీ, దాని టార్క్ (తిప్పే బలం) కుడి వెనక టైరును లేపుతుంది, ఎడమదాన్ని నేలకి అదుముతుంది, ఆ ఎడమది గట్టిగా తోస్తుంటే ముక్కు కుడికే పోతుంది. ముందు నాలుగు చక్రాల కింద తూకం స్కేళ్లు పెట్టి ఏ చక్రం మీద ఎంత బరువుందో తూచు. నువ్వు సీట్లో కూర్చోవాలి, లేదంటే నీ బరువంత మూటలు పెట్టాలి, పెట్రోలు రన్‌కి పోసేంతే ఉండాలి, యాంటీరోల్ బార్ (కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు ఊడదీయాలి. గరాజ్ నేల నీళ్లు పోవడానికి వాలుగా పోస్తారు కదా, నేను మొదటిసారి అది చూసుకోకుండా తూచి ఒక వారమంతా తప్పు అంకెలతో కుస్తీ పట్టాను. ఇప్పుడు పల్లంగా ఉన్న స్కేలు కింద వినైల్ టైల్ ముక్కలు పేర్చి లెవెల్ చేస్తాను.

గ్రాఫ్‌పిచ్చోడు:
తూకం సరే, దానికంటే ముందు లాగ్ తెరవండి. డ్రైవ్‌షాఫ్ట్ ఆర్‌పీఎం గీత నున్నగా పైకి పోవాలి. మధ్యలో ముల్లులా లేచి పడితే అక్కడ టైరు తిరిగిపోయినట్టే. లేచిందా లేదా అన్నది సగం సంగతే, ఎప్పుడు లేచిందో చూడాలి. వదిలిన క్షణంలోనే లేస్తే టైర్ గాలి, లాంచ్ పవర్ వైపు చూడండి. అర సెకను తర్వాత లేస్తే మొదట టైరు పట్టింది, తర్వాత వదిలేసింది, అంటే షాకుల పని.

ఫాక్స్‌బాడీ_89:
చూశానన్నా. 1.71 రన్‌లో సుమారు 0.4 సెకన్ల దగ్గర ముల్లు ఉంది. ఫోన్ వీడియో నెమ్మదిగా ఆడిస్తే వెనక బాడీ ఒక్కసారిగా పైకి లేచి మళ్లీ కూలబడుతోంది, సరిగ్గా అప్పుడే.

గ్రాఫ్‌పిచ్చోడు:
దొరికింది. వెనక షాకు మరీ వదులుగా సాగుతోంది, టైరును ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తోంది. రీబౌండ్ (షాకు సాగే వేగాన్ని ఆపే సెట్టింగు) రెండు క్లిక్కులు బిగించండి, ఇంకేదీ ముట్టుకోవద్దు.

కుడిచక్రం:
కుడి వెనక స్ప్రింగులో ఎయిర్ బ్యాగ్ (గాలి నింపే రబ్బరు సంచి) వేసి కొంచెం గాలి కూడా పెట్టు.

గ్రాఫ్‌పిచ్చోడు:
రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందండీ? గాలి సంగతి తర్వాతి రన్‌కి.

ఫాక్స్‌బాడీ_89:
శనివారం వెళ్లొచ్చాను. క్లిక్కులు మాత్రమే మారిస్తే 1.55, 1.56. ముల్లు పోయింది కానీ ముక్కు ఇంకా కుడికే. తర్వాత బ్యాగ్‌లో 5 పీఎస్ఐ పెడితే 1.52, స్టీరింగ్ దాదాపు తిప్పలేదు. 10 పెడితే ఎడమకి పోయింది, మళ్లీ 1.57. బూస్ట్ అసలు ముట్టుకోలేదు. ఇప్పుడు 330 అడుగుల దగ్గర గేర్ మారినప్పుడు చిన్న ముల్లు కనిపిస్తోంది, స్క్రీన్‌షాట్ పెడతాను, చూసి చెప్పండి.