పాత బొమ్మ బస్సుకు కొత్త రంగు వేయించాలా, వద్దా?

నారాయణగూడ

1981లో మా బాబాయి కువైట్ నుంచి వస్తూ అన్నకీ నాకూ కలిపి ఒక బొమ్మ బస్సు తెచ్చాడు. మ్యాచ్‌బాక్స్ వాళ్ల ఎర్ర డబుల్ డెక్కర్, పేరు 'ద లండనర్'. పక్కన బెర్జర్ పెయింట్స్ స్టిక్కరు. లండన్ ఎక్కడుందో మాకేం తెలుసు? మాకది ట్యాంక్‌బండ్ మీద పోయే మన ఆర్టీసీ బస్సే. అన్న కండక్టరు, నేను డ్రైవరు. ఇంట్లో షాబాదు బండలు. రెండు బండల మధ్య సందు వచ్చిందంటే అది స్టాపు, దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి.

ఇప్పుడు ఎడమ పక్క రంగంతా పోయి లోహం కనిపిస్తోంది. స్టిక్కరు సగమే మిగిలింది. ముందు ఇరుసు వంగింది. మా అబ్బాయికి వచ్చే నెల ఎనిమిదేళ్లు నిండుతాయి. రంగు వేయించి, కొత్త స్టిక్కరు అంటించి ఇద్దామనుకుంటున్నాను. పాత బొమ్మలు సేకరించే స్నేహితుడొకరు ఆ మాట వినగానే వద్దే వద్దన్నాడు. మీరేమంటారు?

జుమేరాత్‌బజార్ అభిమాని

ముట్టుకోకు అన్నా. రంగు వేయడమంటే పైన ఒక పూత పూయడం కాదు. అడుగున రెండు భాగాలనూ కలిపి పట్టి ఉంచే రివెట్‌ను డ్రిల్లుతో తొలిచి బండిని రెండు ముక్కలు చేస్తారు. పాత రంగంతా మందు పోసి ఊడగొడతారు. మళ్లీ బిగించేటప్పుడు రివెట్ బదులు స్క్రూ పెడతారు. ఆ తర్వాత అది మీ బాబాయి తెచ్చిన బస్సు ఎలా అవుతుంది?

నా అనుభవం చెప్తాను. మా నాన్న దాచిన, కార్గీ కంపెనీ వాళ్ల జేమ్స్ బాండ్ బొమ్మ కారు నా దగ్గర ఉండేది. బటన్ నొక్కితే పైకప్పు తెరుచుకుని, సీట్లోని మనిషి బయటికి ఎగిరేవాడు. బాగు చేయమని ఒకచోట ఇచ్చాను. తళతళలాడే వెండి రంగుతో తిరిగొచ్చింది, సినిమాలో కారు అదే రంగట. కానీ 1965లో కార్గీ చేసిన బొమ్మ బంగారు రంగులో వచ్చింది. నాన్న చేతిలో నేను చూసింది ఆ బంగారు రంగునే. ఇప్పుడు బీరువా తెరిచినప్పుడల్లా ఎవరి కారో నా దగ్గరుందనిపిస్తుంది.

బేగంబజార్ బొమ్మల కొట్టు

మీ బాధ అర్థమైంది. అయినా నేను ఒప్పుకోను. ఈ మ్యాచ్‌బాక్స్ ఎలా పుట్టిందో గుర్తు చేస్తాను. ఇంగ్లండ్‌లో లెస్నీ కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు మాత్రమే తెచ్చుకోనిచ్చేవారు. అందుకని చిన్న రోడ్ రోలర్ చేసి ఇచ్చాడు. దాంతోనే 1953లో ఆ వరుస మొదలైంది. బడికి వెళ్లే పిల్ల జేబులో ఉండడానికి పుట్టిన వస్తువు! ఇరుసు వంగి, పక్కకు లాగుతూ పోయే బస్సుతో ఏ పిల్లాడు ఆడతాడు? దొరకని సరుకేమీ కాదు, లండనర్లు లక్షల్లో తయారయ్యాయి. బాగు చేయించి పిల్లాడి చేతిలో పెట్టండి.

మా కొట్టుకు తాతలు వచ్చి మనవళ్ల కోసం అంబాసిడర్ బొమ్మ అడుగుతారు. అసలు కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. వెనక్కి లాగి వదిలితే ముందుకు పోయే సెంటీ వాళ్ల ప్లాస్టిక్ బండి తీసిస్తాను. గల్లాపెట్టె మీద ముందు తాతగారే నడిపి చూస్తారు. బొమ్మ కదలాలండీ. కదలకపోతే ఆ ముఖంలో ఆ వెలుగు ఎక్కడిది?

జుమేరాత్‌బజార్ అభిమాని

ఆడొద్దని నేననలేదు. రంగు మార్చొద్దన్నాను. రెండూ ఒకటి కాదు.

చిక్కడపల్లి అక్క

రంగు వేయించినా, వేయించకపోయినా ఇంట్లో గరుకు కాగితం పెట్టి మాత్రం రుద్దకండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు, రుద్దితే ఆ పొడి ఇంట్లో వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలోనే 2017లో గానీ అమల్లోకి రాలేదు. నేనైతే మెత్తటి బ్రష్‌తో, కొంచెం సబ్బునీళ్లతో, స్టిక్కరు తడవకుండా తుడిచి ఊరుకుంటాను. పిల్లాడి పుట్టినరోజుకు ఐఎస్ఐ గుర్తున్న కొత్త బస్సు కొనండి. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి.

ఇంకో మాట తమ్ముడూ. బస్సు మీ ఇద్దరిదీ అన్నావు కదా. మీ అన్నను అడిగావా?

నారాయణగూడ

అక్కా, అడగలేదు. మీ మాట చూశాక నిన్న రాత్రి వరంగల్‌కు ఫోన్ చేశాను.

అన్న వెంటనే "వేయించెయ్‌రా" అన్నాడు. ఎందుకంటే చెప్పడు. చాలాసేపు అడిగితే చెప్పాడు. ఎడమ పక్క రంగు ఆటల్లో పోలేదట. 1985 ఎండాకాలంలో ఏదో గొడవై, కోపంలో డాబా మీంచి బస్సును రోడ్డు మీదికి విసిరేశాడట. తమ్ముడే పడేశాడని నాన్నతో చెప్పాడట. ఆ రోజు దెబ్బలు తిన్నది నేను. నాకు దెబ్బలు గుర్తున్నాయి, ఎందుకు పడ్డాయో గుర్తు లేదు. నలభై ఏళ్లుగా ఆ పక్కను మా స్టాపుల గుర్తుగా చూసుకుంటున్నాను. అన్నకు మాత్రం అది కనిపించినప్పుడల్లా గొంతు పట్టుకుపోతుందట.

నాకిప్పుడు ఏం చేయాలో తెలియట్లేదు. నాకు ఆ గీతలు కావాలి, అన్నకు పోవాలి. జుమేరాత్‌బజార్ అన్న చెప్పిన స్క్రూ సంగతి విన్నాక రివెట్ తొలిపించడానికి మనసొప్పట్లేదు. అన్న సంక్రాంతికి వస్తానన్నాడు. చిన్నప్పటిలా నుమాయిష్‌కు వెళ్దామన్నాడు. ఈ బస్సుకు జత కోసం ఏటా నాంపల్లి గ్రౌండ్స్ అంతా వెతికేవాళ్లం, రేకు బొమ్మలే దొరికేవి. అప్పటిదాకా బస్సును అలాగే ఉంచుతాను. పుట్టినరోజుకు అక్క చెప్పినట్టు కొత్తది కొంటాను.

బేగంబజార్ బొమ్మల కొట్టు

రంగు సంగతి మీ అన్నదమ్ములు తేల్చుకోండి. ఇరుసుకు మాత్రం రివెట్ తీయక్కర్లేదు. చక్రం పక్కన సన్న పటకారుతో పట్టి, రెండు మూడు సార్లుగా నిదానంగా సరిచేయొచ్చు. ఒక్కసారే గట్టిగా వంచితే విరుగుతుంది. సంక్రాంతికి ఇద్దరూ కలిసి తీసుకురండి, మీ ఎదురుగానే చేసిస్తాను.