చర్యాశీలత 2వ గ్రూపులో కిందికి పెరిగి, 17వ గ్రూపులో కిందికి తగ్గడం ఎందుకు?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని):
2వ గ్రూపులోని క్షారమృత్తిక లోహాలలో బెరీలియం నుంచి బేరియం వైపు దిగేకొద్దీ చర్యాశీలత పెరుగుతుందని, 17వ గ్రూపులోని హాలోజన్లలో ఫ్లోరిన్ నుంచి అయోడిన్ వైపు దిగేకొద్దీ తగ్గుతుందని పుస్తకంలో ఉంది. లోహం ఎలక్ట్రాన్లను కోల్పోవాలి, హాలోజన్ గ్రహించాలి కాబట్టి పరమాణువు పెద్దదయ్యేకొద్దీ మొదటి పని సులువవుతుంది, రెండోది కష్టమవుతుంది. అంతవరకు అర్థమైంది. అయితే ఎలక్ట్రాన్‌ను గ్రహించినప్పుడు క్లోరిన్ మోల్‌కు 349 కిలోజౌళ్లు విడుదల చేస్తే, ఫ్లోరిన్ 328 మాత్రమే విడుదల చేస్తుందని అదే పుస్తకంలోని పట్టిక చెబుతోంది. అలాంటప్పుడు క్లోరినే ముందుండాలి కదా? దయచేసి వివరించగలరు.

జవాబు 1 (రసాయనశాస్త్ర అధ్యాపకుడు):
ఆ రెండు విలువలూ వాయుస్థితిలో విడిగా ఉన్న పరమాణువుకు చెందినవమ్మా. చర్యలో పాల్గొనేది అణువు. ఫ్లోరిన్ రెండో కర్పరం చాలా ఇరుకు. అందులో అప్పటికే ఉన్న ఏడు ఎలక్ట్రాన్లు కొత్తగా వచ్చేదాన్ని వికర్షిస్తాయి కాబట్టి ఆ 21 కిలోజౌళ్ల లోటు వచ్చింది. అయితే ఆ చిన్న పరిమాణమే మరో రెండు చోట్ల దానికి లాభిస్తుంది. ఫ్లోరిన్ అణువులో ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు (బంధంలో పాల్గొనని జంటలు) మరీ దగ్గరగా ఉండి ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల బంధం బలహీనపడి, దాన్ని తెంచడానికి 159 కిలోజౌళ్లు సరిపోతాయి. క్లోరిన్‌కు 243 కావాలి. పైగా చిన్న ఫ్లోరైడ్ అయాన్‌ను నీటి అణువులు దగ్గరగా చుట్టుముట్టినప్పుడు 515 కిలోజౌళ్లు వెలువడతాయి, క్లోరైడ్‌కు 381 మాత్రమే. ఒక్కో అయాన్‌కు సగం బంధశక్తిని ఖర్చు రాసుకుని లెక్క వేయండి: ఫ్లోరిన్‌కు నికరంగా 764, క్లోరిన్‌కు 609 మిగులుతాయి. ఎలక్ట్రాన్లను గ్రహించే ధోరణిని కొలిచే ప్రమాణ క్షయకరణ పొటెన్షియళ్లు 2.87, 1.36 వోల్టులుగా ఉండటం దీనికి అనుగుణంగానే ఉంది.

జవాబు 2 (ప్రయోగశాలలో పనిచేసే పాఠకుడు):
లోహాల విషయంలోనూ ఒక్క అయనీకరణ శక్తినే (ఎలక్ట్రాన్‌ను తీయడానికి కావలసిన శక్తినే) చూస్తే సరిపోదు. కాల్షియం నుంచి బేరియానికి వెళ్లేసరికి రెండు ఎలక్ట్రాన్లను తీయడానికి అయ్యే ఖర్చు మోల్‌కు 1735 నుంచి 1468 కిలోజౌళ్లకు తగ్గుతుంది. కానీ అయాన్ పెద్దదవడంతో జలయోజనంలో (నీటి అణువులు అయాన్‌ను చుట్టుముట్టడంలో) వచ్చే శక్తి కూడా 1577 నుంచి 1305కి పడిపోయి, ఆ ఆదాను దాదాపు పూర్తిగా మింగేస్తుంది. అందుకే వాటి పొటెన్షియళ్లు −2.87, −2.91 వోల్టులుగా పక్కపక్కనే ఉంటాయి. మరి నీటిలో కనిపించే తేడా ఎక్కడిది? నా అభిప్రాయంలో హైడ్రాక్సైడ్ ద్రావణీయతను మనవాళ్లు చెప్పవలసినంతగా చెప్పరు. క్షారంలో గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ సూచిక కలిపిన చన్నీటిలో శుభ్రంగా రుద్దిన మెగ్నీషియం రిబ్బను వేస్తే, దాన్ని అంటిపెట్టుకుని సన్నని గులాబీ రంగు మాత్రమే వస్తుంది. దాదాపు కరగని హైడ్రాక్సైడ్ పొర లోహాన్ని కప్పేసి చర్యను ఆపేస్తుంది. కాల్షియం ముక్క అయితే ముందు అడుగుకు మునిగి, హైడ్రోజన్ బుడగలు అంటుకోగానే పైకి తేలి, అవి విడిపోగానే మళ్లీ దిగుతుంది. కాసేపటికి నీరు పాలలా తెల్లబడుతుంది. బేరియం హైడ్రాక్సైడ్ ఇంకా బాగా కరుగుతుంది కాబట్టి ఆ లోహానికి అడ్డుపొర నిలవదు. బేరియాన్ని నూనెలో ఉంచవలసి వస్తుంది.

విద్యార్థిని:
ధన్యవాదాలండీ. లెక్క వేసి చూశాను, సరిపోయింది. ఒక హాలోజన్ మరోదాన్ని దాని లవణం నుంచి వెళ్లగొట్టే స్థానభ్రంశ ప్రయోగాన్ని ఫ్లోరిన్‌తో మొదలుపెట్టకపోవడానికి కారణం దాని ప్రమాదమేనా?

జవాబు 1 (రసాయనశాస్త్ర అధ్యాపకుడు):
ప్రమాదం ఒక కారణం. ప్రమాదాన్ని పక్కన పెట్టినా ఆ ప్రయోగం కుదరదు. ఫ్లోరిన్ నీటినే ఆక్సీకరించి ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది కాబట్టి బ్రోమైడ్‌తో చర్య జరపడానికి ఫ్లోరిన్ ద్రావణమంటూ ఉండదు. అందుకే క్లోరిన్ నీటితో మొదలుపెడతాం: పొటాషియం బ్రోమైడ్‌లో పోస్తే నారింజ రంగు, అయోడైడ్‌లో పోస్తే గోధుమ రంగు వస్తాయి. అయోడిన్‌ను బ్రోమైడ్‌లో పోసినప్పుడు కనిపించే రంగు ఆ అయోడిన్‌దే, చర్య ఏమీ జరగదు; పరీక్షలో చాలామంది ఇక్కడే పొరబడతారు.