నాలుగు రోజులైంది, ఊసరవెల్లి సరిగ తింటలేదు, రంగు నల్లబడుతున్నది

హన్మకొండ_మేడగది:
నాలుగు నెలల మగ వీల్డ్ ఊసరవెల్లి (యెమెన్ దిక్కు రకం). వచ్చిన నాడు లేతాకుపచ్చగ ఉండె, ఇప్పుడు పొద్దంత ముదురు గోధుమ రంగే. అద్దాన్ని గీరుకుంట పైకి ఎక్కబోయి జారిపడుతున్నది. మధ్యాహ్నం నోరు తెరుచుకొని కూసుంటున్నది. పది కీచురాళ్ళు వేస్తే రెండే తిన్నది. రెట్టలో తెల్లగ ఉండాల్సిన భాగం నారింజ రంగులో వస్తున్నది.

ఉన్న సామాను: రెండడుగుల చేపల తొట్టి, పైన జాలీ మూత, 100 వాట్ల బల్బు, మెలికలు తిరిగిన యూవీ బల్బు ఒకటి, ప్లాస్టిక్ ఆకులు, గిన్నెల నీళ్ళు. అద్దానికి అతికించిన ముల్లు థర్మామీటరు 36 చూపిస్తున్నది. గదిల కూలర్ ఉన్నది. రోజూ చేతి మీద ఎక్కించుకుంటే తొందరగ మచ్చికైతదని అమ్మినాయన చెప్పిండు. నిజమేనా? ముందుగ ఏది మార్చాలె?

కాజీపేట_కొమ్మలు:
ముందు ఆ 100 వాట్ల బల్బు తీసెయ్యండి. ఇవాళే. మిగతావి తర్వాత.

నోరు తెరవడం దానికి వగర్చడమే, వేడి తట్టుకోలేక చేస్తున్నది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా చలిదేశాలవాళ్ళు రాసినవి. గది ఎట్లా వెచ్చబెట్టాలన్నది వాళ్ళ బాధ, వరంగల్ ఏప్రిల్‌లో మన బాధ దానికి తలకిందులు. ‘యెమెన్ జంతువు, ఎండకు ఏం కాదు’ అనే మాట నమ్మొద్దు. అక్కడ అది చెట్టు మీద ఉంటుంది, వేడెక్కితే ఆకుల చాటుకు పోతుంది. తొట్టిలో చాటెక్కడిది? నాలుగు నెలల పిల్లకు ఎండ కాగే కొమ్మ (బల్బు కింద వెచ్చగా కూర్చునే కొమ్మ) మీద 27 నుంచి 29 డిగ్రీలు చాలు. పెద్ద మగదానికి 30-32. మిగతా పంజరం 24-27 ఉండాలి, రాత్రి 22 లోపుకు దిగితే ఇంకా మంచిది. గదే 30 ఉంటే కాగే బల్బు వెలిగించే పనే లేదు. డిసెంబరు, జనవరిలో మళ్ళీ పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా 40-60 వాట్లది, దాని వీపుకు ఎనిమిది పది అంగుళాల ఎత్తులో. దగ్గరైతే తల మీది శిఖ కాలుతుంది, కాలుతున్నా అది అక్కడి నుంచి కదలకపోవచ్చు. ముల్లు థర్మామీటరు పారేసి, తీగ ఉన్న డిజిటల్‌ది కొని, తీగ కొసను కొమ్మ మీదే కట్టండి. అద్దం వేడి కాదు మనకు కావాల్సింది.

ఇక తొట్టి. అద్దంలో గాలి ఆడదు, పైగా దాని నీడ దానికే ఇంకో ఊసరవెల్లిలా కనపడుతుంది. రోజంతా శత్రువును చూస్తూ కూర్చున్నట్టే, రంగు నల్లబడకేం చేస్తుంది? రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు జాలీ పంజరం కావాలి. కిటికీల అల్యూమినియం పని చేసేవాళ్ళకు కొలతలిస్తే చేసిస్తారు. నైలాన్ దోమతెర వద్దు, కీచురాళ్ళు కొరికి బయటపడతాయి. తలుపు ముందు వైపు పెట్టించండి, పైనుంచి చెయ్యి దించితే గద్ద దిగినట్టే దానికి. మూడు వైపులా బట్టో, అట్టో కప్పి, పంజరాన్ని బల్ల మీద ఎత్తుగా పెట్టండి. దాని పై కొమ్మ మన కళ్ళకన్నా ఎత్తులో ఉండాలి.

కొమ్మలకు జామ బాగుంటుంది, బెరడు గరుకు. వేలు లావువి, కొన్ని అడ్డంగా, కొన్ని వాలుగా కట్టండి. వెదురు జారుతుంది. అడుగున మట్టి, ఇసుక ఏమీ వద్దు, పాత పేపరు పరవండి.

మెలికల యూవీ బల్బు ఒక్క చోటే పడుతుంది. రెండడుగుల టీ5 ట్యూబు (సన్నని యూవీ ట్యూబులైటు), యూవీ బలం 5.0 లేదా 6 శాతం రకం, జాలీ పైన పెట్టి, దాని వీపు ఎనిమిది తొమ్మిది అంగుళాల కింద ఉండేలా కొమ్మ కట్టండి. రోజుకు 12 గంటలు. ఏడాదికి మార్చాలి, వెలుతురు అట్లనే ఉన్నా యూవీ తగ్గిపోతుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో యూవీబీ (యూవీలో దానికి కావాల్సిన భాగం) రాదు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మందారకొమ్మ:
రెట్టలో నారింజ రంగు అంటే ఒంట్లో నీళ్ళు తక్కువ. గిన్నె తీసెయ్యుర్రి, నిలకడ నీళ్ళను అది గుర్తుపట్టదు, ఆకు మీది చుక్కలే నాకుతది. లైట్లు వెలిగే ముందు తెల్లారుజామున రెండు నిమిషాలు, లైట్లు ఆర్పినంక రెండు నిమిషాలు సన్నగ తుంపర కొట్టాలె. రెండు లీటర్ల పంపు స్ప్రేయర్ సరిపోతది. ఇంతకు ముందు పురుగుమందు పోసింది మాత్రం ఎంత కడిగినా వద్దు. బోరు నీళ్ళయితే సున్నం పేరుకొని నాజిల్ మూసుకుపోతది, ఆర్వో నీళ్ళు పోయండి.

పగలు చుక్కల కోసం మందుల షాపుల కొత్త సెలైన్ సెట్టు తెచ్చి, నీళ్ళ సీసాకు తగిలించి, చక్రం తిప్పి సెకనుకు ఒక చుక్క ఆకు మీద పడేటట్టు పెట్టుర్రి. ఇరవై నిమిషాలకు దాదాపు 60 మిల్లీలీటర్లే కారుతయి, కింద చిన్న గిన్నె చాలు.

ప్లాస్టిక్ ఆకులు తీసెయ్యాలె, వీల్డ్‌లు ఆకులు కొరుకుతయి. కుండీల మందార అన్నిటికన్నా నయం, పువ్వు కూడ తింటది. నర్సరీ నుంచి తెచ్చినది ఆకులన్నీ కడిగి, పై మట్టి మార్చి పెట్టాలె. గన్నేరు ఎంత దగ్గర్ల దొరికినా ముట్టుకోవద్దు, విషం.

తిండి దాని రెండు కండ్ల మధ్య దూరం కన్నా పెద్దగ ఉండొద్దు. ఈ వయసుకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు చిన్న కీచురాళ్ళు. వాటికి ఒక రోజు ముందునుంచే మునగాకు, క్యారెట్ పెట్టాలె. డీ3 లేని కాల్షియం పొడి ప్రతి పూట పల్చగ అద్దాలె, డీ3, విటమిన్ ఏ కలిసిన పొడి పదిహేను రోజులకొకసారే. కొమ్మకు లోతైన మగ్గు కట్టి అండ్ల వేయుర్రి. రాత్రికి మిగిలినవి తీసేయాలె, పండుకున్నదాన్ని కీచురాళ్ళు కొరుకుతయి.

మల్బరీ పెంచే రైతు తెలిసుంటే పట్టుపురుగులు చాల మంచివి, నీటిశాతం ఎక్కువ, మెత్తగ ఉంటయి. పడకల మీద మందుపొడి చల్లినవి మాత్రం తేవద్దు. పత్తి చేన్లల్ల మిడతలు అసలే వద్దు.

హన్మకొండ_మేడగది:
బల్బు తీసేసిన, గంటల నోరు మూసింది. పంజరానికి కొలతలిచ్చిన, మూడు రోజులంటున్నరు. అప్పటిదాక తొట్టిల ఎట్ల? కూలర్ ఉంచాల్నా? కరెంటు పోతే?

కాజీపేట_కొమ్మలు:
తొట్టికి నాలుగు వైపులా బయటి నుంచి పేపరు అతికించండి, నీడ అంతగా కనపడదు. జాలీ మూత మీద ఏదీ కప్పొద్దు.

కూలర్ ఉంచండి, గాలి మాత్రం నేరుగా తగలొద్దు. కిటికీ ఒకటి తెరిచే ఉంచాలి. మూసిన గదిలో కూలర్ నడిస్తే పగలే తేమ 80 దాటుతుంది. వేడిలో తేమ కూడితే ఊపిరితిత్తులు పాడవుతాయి. పగలు 40-50 శాతం, రాత్రి చల్లబడ్డాక 80 పైన, అదీ గాలి ఆడుతుంటేనే. మే నెలలో కూలర్‌తో గది 30 కి దిగకపోతే ఏసీ 25 మీద పెట్టక తప్పదు. కరెంటు పోతే తడి గోనెసంచి పంజరం ఒక పక్కన వేలాడదీయండి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాకు బట్ట చుట్టి పైన పెట్టండి. చల్ల గాలి కిందికి దిగుతుంది.

మార్చేటప్పుడు పట్టుకొని లాగొద్దు. దాని ముందరి కాళ్ళ కింద ఒక కొమ్మ పెడితే అదే ఎక్కుతుంది. ఎక్కిన కొమ్మతో సహా కొత్త పంజరంలో కట్టెయ్యండి. కొత్త పంజరాన్ని ఒక రోజు ఖాళీగా నడిపి, మధ్యాహ్నం రెండింటికి, తెల్లవారి అయిదింటికి డిగ్రీలు చూసుకున్నాకనే ఈ పని.

చేతి మీద ఎక్కించుకునే మాట మర్చిపోండి. రెండు వారాలు నీళ్ళు, తిండి, పేపరు మార్చడం, అంతే. పిల్లల్ని గది గుమ్మం దగ్గర ఆపండి.

మామునూరు_దారి:
పైవాళ్ళు చెప్పినవి సరే, ఎప్పుడు భయపడాలో ఎవరూ చెప్పలేదు. రాత్రి పాలిపోయి నిద్రపోవడం, మనల్ని చూసి ఉబ్బి బుసకొట్టడం మామూలే. పగటిపూట కళ్ళు మూసుకుంటే మామూలు కాదు. కళ్ళు లోపలికి పోవడం, నోటి దగ్గర బుడగలు, కాళ్ళు వణకడం, నాలుక సరిగ్గా బయటికి రాకపోవడం, వీటిలో ఏది కనపడినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేడి సరిచేశాక కూడా వారం దాకా ఏమీ ముట్టకపోతే అప్పుడూ అంతే. ఇవేమీ లేకున్నా రెండు వారాల లోపు తాజా రెట్టను బిగుతు డబ్బాలో అదే రోజు తీసుకెళ్ళి కడుపులో పురుగుల పరీక్ష చేయించండి. మామునూరు పశువైద్య కళాశాలకు ముందు ఫోన్ చేసి, బల్లిజాతి రెట్ట చూస్తారా అని అడిగి పోవడం మేలు.

మగదే అని ఖాయం చేసుకున్నారా? వెనక మడమ మీద చిన్న పొడుచుకొచ్చిన ముడి ఉంటే మగది, పుట్టినప్పటి నుంచే ఉంటుంది. లేకపోతే ఆడది. జత లేకున్నా గుడ్లు పెడుతుంది. అప్పుడు అడుగు లోతు తడి ఇసుక తొట్టి పంజరంలో ఉండాలి, లేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి చచ్చిపోతుంది.

కాగితాల సంగతి. వీల్డ్ సైటిస్ (అడవి జంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జంతువు. 2024 నిబంధనల ప్రకారం చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలి. అమ్మినాయన దగ్గర నమోదు కాగితం అడగండి. మన పొలాల గట్ల మీద కనపడే దేశీ ఊసరవెల్లిది వేరే కథ, 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. ఎర్ర తల తొండను ఊసరవెల్లి అనేవాళ్ళూ ఉన్నారు, అది ఇంకోటి.

మందారకొమ్మ:
మడమ ముడి వెలుతుర్ల బయటి నుంచే చూడొచ్చు, అది కొమ్మ పట్టుకున్నప్పుడు వెనక కాలు మీద సాఫ్ కనపడతది. దీని కోసం చేతిల పట్టుకోకుర్రి. ఫోన్ల ఫోటో తీసి పెద్దగ చేసి చూడుర్రి, ఫ్లాష్ లేకుండ.