వాన పడితే ముందు సీటు కాళ్ల దగ్గర మడుగు: నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి?

పాతబండి:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత సెడాన్ నాది. వాన పడిన మర్నాడు డ్రైవర్ పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిసి ముద్దవుతోంది. నొక్కితే చెప్పు చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి. చూపించిన గ్యారేజీలో ముందు అద్దం చుట్టూ సిలికాన్ రాసి పంపారు. తర్వాతి వానకి మళ్లీ అదే కథ. ఇప్పుడు డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలంటున్నారు. విప్పిన డ్యాష్‌బోర్డు మళ్లీ చప్పుడు లేకుండా కూర్చోదని విన్నాను, అదే టెన్షన్. సన్‌రూఫ్ లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

చల్లగాలి:
ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుంది బ్రదర్. నూటికి తొంభై అదే. ఏసీ వేసి బండి నిలిపితే కింద నీళ్లు కారాలి. కారకపోతే ఆ నీళ్లు లోపలికే వస్తున్నట్టు.

తుప్పుతో_కుస్తీ:
ఏసీ నీళ్లకి వానతో పనేముంది? ఎండాకాలంలో కూడా తడవాలి కదా. ఆయన వాన పడిన మర్నాడు అంటున్నారు.

పాతబండి గారూ, డ్యాష్‌బోర్డు జోలికి ఇప్పుడే పోకండి. ముందు వేళ్లు తడిపి చూడండి. జిడ్డుగా, రంగుగా ఉండి కొంచెం తియ్యటి వాసన వస్తే అది ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్, అంటే డ్యాష్‌బోర్డు లోపల వేడిగాలి కోసం ఉండే హీటర్ కోర్ కారుతోంది. అప్పుడు అద్దం లోపలి వైపు తుడిస్తే పోని జిడ్డు పొర పడుతుంది, కూలెంట్ లెవెల్ కూడా తగ్గుతూ ఉంటుంది. డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తే ఆ ఒక్క దానికే. మామూలు నీళ్లయితే వాననీళ్లే, నూటికి తొంభై బయటి నుంచే దారి దొరుకుతుంది.

ఇక సిలికాన్. లీకు ఎక్కడుందో తెలియకుండా ట్యూబు పట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెనిగర్ వాసన వచ్చే రకమైతే అది ఆరేటప్పుడు వదిలే యాసిడ్‌కి ఇనుము తుప్పు పడుతుంది. పైగా అసలు సందుని కప్పేస్తుంది, తర్వాత వెతికేవాడికి దొరకదు. ముందు అద్దాన్ని పట్టి ఉంచేది యురెథేన్ అనే జిగురు. నిజంగా అక్కడే లీకైతే అద్దం తీసి కొత్తగా అతికించాలి, పైపైన పూత పూస్తే ఆగదు.

నీళ్లు తేలిన చోటే దిగాయని అనుకోవద్దు. రేకు అంచు పట్టుకుని, వైరు వెంట పాకి, ఎక్కడో పల్లంలో తేలతాయి. అందుకే మ్యాట్ తీసి, కార్పెట్ ముందు అంచు పైకి లేపండి. గుమ్మం పక్కన కాలి దగ్గరుండే ప్లాస్టిక్ ప్యానెల్ కూడా ఊడదీయండి. అంతా పొడిగా తుడిచి, బోసిపోయిన రేకు మీద సుద్దపొడి గానీ టాల్కమ్ పౌడర్ గానీ చల్లండి. ఇప్పుడు ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట నీళ్లు పట్టాలి. ప్రెషర్ వాషర్ వద్దు, మొక్కలకి పోసే ధార చాలు. ప్రెషర్‌తో కొడితే బాగున్న రబ్బరులోంచి కూడా నీళ్లు దూరతాయి. కింద నుంచి మొదలుపెట్టి పైకి రండి: మొదట తలుపు కింది అంచు, తర్వాత తలుపు అద్దం, ఆ పైన వైపర్ల కింద గుంట, చివర ముందు అద్దం. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. ఒక్కో చోట కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. ఓపిక లేకపోతే ఈ పనికి దిగొద్దు. పౌడర్‌లో చార ఎటు నుంచి మొదలైందో చూస్తే దారి తెలుస్తుంది.

వైపర్ల కింద ప్లాస్టిక్ జల్లెడ తీసి చూడండి. చెట్టు కింద పెట్టే బండైతే అక్కడ ఆకులు కుళ్లి ఎరువైపోయి ఉంటాయి. నీళ్లు బయటికి పోయే కంత మూసుకుంటే గుంట నిండి, బ్లోయర్ గాలి పీల్చే దారిలోంచి లోపలికి దిగుతాయి. వైరింగ్ దూరే రబ్బరు బుష్షులు ఎండి పగిలినా అంతే.

డిక్కీలో_చేపలు:
నాది వెనక వైపు బాధ. స్టెప్నీ గుంటలో నీళ్లు. తోకదీపం వెనక ఫోమ్ గ్యాస్కెట్ అప్పడంలా విరిగిపోయి ఉంది, అది మారిస్తే పోయింది. కొన్ని బండ్లకి వెనక బంపర్ లోపల గాలి పోయే రబ్బరు రేకులు ఉంటాయి, వాటి చుట్టూ కూడా కారుతుంది. కనిపెట్టడానికి నేనే టార్చి పట్టుకుని డిక్కీలో పడుకున్నాను, మా బావమరిది పైన నీళ్లు పోశాడు. వెనక సీటు మడిచి ఉంచుకోండి. బావమరిది మీద నమ్మకం వేరు, డిక్కీ తాళం వేరు.

పాతబండి:
తుప్పుతో_కుస్తీ గారూ, ఈ ఆదివారం మీరు చెప్పినట్టే చేశాం. నీళ్లు మామూలువే, జిడ్డు లేదు. మా తమ్ముడు పైపు పట్టుకున్నాడు. తలుపు కింది అంచు దగ్గర ఏమీ లేదు. ధార తలుపు అద్దం మీదికి వచ్చిన కాసేపటికి తలుపు లోపలి వైపు స్పీకర్ జాలీ కింద ఒక చుక్క ఊరింది. అది పెద్దదై, తలుపు ప్యానెల్ అంచు దాకా జారి, గుమ్మం మీద పడి, అక్కడి నుంచి కార్పెట్ కిందికి పోయింది. పౌడర్‌లో ఒకటే చార, తిన్నగా. వైపర్ల గుంటలో ఆకులైతే బోలెడు ఉన్నాయి కానీ నీళ్లు బాగానే పోతున్నాయి. తలుపు లోపలికి అద్దం సందులోంచి నీళ్లు రావడం మామూలేనా? అద్దం రబ్బరు మార్చాలా?

తుప్పుతో_కుస్తీ:
మామూలే. ఎంత కొత్త రబ్బరైనా అద్దం పక్కనుంచి కొన్ని నీళ్లు తలుపులోకి దిగుతాయి. కంపెనీవాళ్లు అది లెక్కలో పెట్టుకునే తలుపు అడుగున కంతలు పెడతారు. ఆ నీళ్లు లోపలి వైపు రాకుండా ప్యానెల్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. మీ బండి పాత ఓనరు స్పీకర్లు మార్పించి ఉంటారు, షీటు అక్కడ పోయి ఉంటుంది. ప్యానెల్ విప్పి చూసి చెప్పండి. క్లిప్పులు పాతబడితే పుటుక్కున విరుగుతాయి, కొన్ని దగ్గర పెట్టుకోండి.

పాతబండి:
విప్పాను. స్పీకర్ చుట్టూ షీటుని బ్లేడుతో అడ్డదిడ్డంగా కోసేశారు, కింది అంచు అసలు అతికించలేదు, గాలికి ఊగుతోంది. అడుగు కంతల్లో మట్టి గట్టిపడింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే బురదనీళ్లు బుడబుడమని కారాయి. కొత్త షీటుకి ఏ గమ్ము వాడాలి?

తుప్పుతో_కుస్తీ:
బ్యూటైల్ టేపు. ఎప్పటికీ గట్టిపడదు, రేపు అద్దం మోటారు పోతే షీటు లాగి మళ్లీ అదే టేపు మీద నొక్కుకోవచ్చు. సిలికాన్ మాత్రం వద్దు, మళ్లీ తిట్టిస్తారు నాతో. పాత షీటుని నమూనాగా పెట్టి మందపాటి పాలిథిన్ కోయండి. రేకు మీద పాత జిగురు, దుమ్ము స్పిరిటుతో తుడిచాకే టేపు వేయండి. షీటు కింది అంచు తలుపు లోపలికి దూరి ఉండాలి, దాని మీద జారిన నీళ్లు తలుపు అడుగుకే పడాలి. స్పీకర్ వెనక కూడా చిన్న గొడుగులా ప్లాస్టిక్ పెట్టండి, లేకపోతే స్పీకర్ కాగితం నాని పాడవుతుంది.

చల్లగాలి:
సరే, ఏసీ కాదు. ఒప్పుకున్నా. కానీ కార్పెట్ పైన ఆరిందని మ్యాట్ వేసేయకండి, కింద ఫోమ్ వారాల తరబడి చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మకే అద్దాలకి పొద్దున్నే ఆవిరి పట్టేది, బూజు వాసన వచ్చేది.

పాతబండి:
అవును, వాసన ఇంకా ఉంది. కార్పెట్ పూర్తిగా తీయాలంటే సీటు తీయాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంది, ముట్టుకోవచ్చా?

తుప్పుతో_కుస్తీ:
పసుపు రంగంటే ఎయిర్‌బ్యాగ్ వైరింగ్. ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, మాన్యువల్‌లో రాసినంత సేపు ఆగి, అప్పుడు ఊడదీయండి. సీటు బయట ఉన్నంతసేపు తాళం తిప్పొద్దు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది. ఫోమ్‌లో నీళ్లు వాక్యూమ్‌తో లాగి, కార్పెట్ రెండు వైపులా ఎండనివ్వండి. రేకు మీద తుప్పు కనిపిస్తే గీకి ప్రైమర్ వేశాకే వెనక్కి పరవండి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి. మీ దగ్గర ఆ కోడ్ ఉందో లేదో ముందే చూసుకోండి.