ఉగాండాలోని సొరోటి గ్రామాలకు రెండు వారాల సువార్త యాత్ర: ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న (తెనాలి నుండి, యవ్వనస్థుల కూడిక నాయకుడు)

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘం నుండి పదకొండు మందిమి వచ్చే జనవరిలో రెండు వారాల పాటు తూర్పు ఉగాండాలోని సొరోటి పరిసర గ్రామాలకు వెళ్లాలని తీర్మానించుకున్నాము. మా పాస్టర్ గారితో కలిసి వేదాంత కళాశాలలో చదువుకున్న అక్కడి సేవకుడొకరు ఆహ్వానం పంపారు. మాలో ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు ఉన్నారు గనుక పగలు ఉచిత వైద్య శిబిరం, సాయంత్రం సువార్త కూటం జరపాలన్నది మా ఆలోచన. స్త్రీల సమాజం వారు ఇప్పటికే ఆరు బస్తాల బట్టలు పోగుచేశారు. టీకాల గురించి, మలేరియా మాత్రల గురించి, వీసా గురించి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. బృందంలో 63 ఏళ్ల సహోదరి కూడా ఉన్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.

జవాబు (ఖమ్మం నుండి, ఆ ప్రాంతానికి రెండుసార్లు వెళ్లివచ్చిన వ్యక్తి)

వందనాలు తమ్ముడూ. జనవరి మంచి నెలే. అక్కడ అది పొడి కాలం కాబట్టి ఎర్రమట్టి రోడ్ల మీద బండ్లు దిగబడవు, బడులకు పెద్ద సెలవులు కాబట్టి పిల్లలు ఇళ్ల దగ్గరే ఉంటారు.

అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూడండి, ఎందుకంటే ఇది లేకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా అవుతాయి. ఉగాండా ఈ-వీసా దరఖాస్తులోనే టీకా ధ్రువపత్రాన్ని జత చేయమని అడుగుతారు, ఎంటెబ్బె విమానాశ్రయంలో దిగగానే పసుపు రంగు పుస్తకం చూపమంటారు. తిరిగి వచ్చేటప్పుడు మన దేశం ఇంకా కఠినంగా ఉంటుంది. చెల్లుబాటయ్యే పత్రం లేకుండా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుండి దిగినవారిని ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఇక్కడి ఆరోగ్య అధికారులకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది. ఒకసారి చెల్లుబాటులోకి వస్తే 2016 జూలై నుండి ఉన్న నిబంధన ప్రకారం అది జీవితాంతం పనిచేస్తుంది, కాబట్టి పదేళ్లకొకసారి వేయించుకోవాలన్న పాత మాటను పట్టించుకోకండి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖపట్నంలో పోర్టు ఆరోగ్య కార్యాలయంలో ఈ టీకా వేస్తారు. ఒక సీసాలో అనేక డోసులు ఉంటాయి, తెరిచిన కొద్ది గంటల్లోనే వాడేయాలి, అందుకే ముందుగా పేర్లు రాయించుకొని నిర్ణీత దినాల్లోనే వేస్తారు. పదకొండు మందీ ఒకే రోజు పాస్‌పోర్టులతో వెళ్లేలా చూసుకోండి.

మీ 63 ఏళ్ల సహోదరి విషయంలో మాత్రం తొందరపడవద్దు. ఇది బతికున్న వైరస్‌తో తయారైన టీకా. 60 దాటినవారికి మొదటి డోసు వేసినప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదే అయినా, చిన్నవారికంటే ఎక్కువగా కనిపిస్తాయి. గుడ్డు తింటే తీవ్రంగా పడనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, గర్భిణులు కూడా ముందుగా వైద్యుని అడగాలి. ఆమెతో విశ్వాసం ముఖ్యమని చెప్పి సంతకం పెట్టించే పెద్దలు ప్రతి సంఘంలోనూ ఉంటారు, అందుకే ఈ మాట గట్టిగా రాస్తున్నాను.

ఇక మలేరియా. ఆ ప్రాంతంలో ఉండేది ఎక్కువగా ఫాల్సిపారం రకం. దాని మీద పాత మలేరియా మాత్ర క్లోరోక్విన్ ఇప్పుడు పనిచేయదు. వైద్యులు సాధారణంగా డాక్సీసైక్లిన్ గానీ అటోవాకోన్-ప్రోగ్వానిల్ గానీ రాస్తారు. రెండూ బయలుదేరే ఒకటి రెండు రోజుల ముందు నుండి రోజూ వేసుకోవాలి. కానీ తిరిగి వచ్చాక అటోవాకోన్-ప్రోగ్వానిల్ ఏడు రోజులు వేసుకుంటే చాలు, డాక్సీసైక్లిన్ మాత్రం నాలుగు వారాలు కొనసాగించాలి. అసలు ప్రమాదం ఈ నాలుగు వారాల్లోనే ఉంది. మా మొదటి యాత్రలో ఒక తమ్ముడు ఇంటికి చేరిన ఐదో రోజున, ఇక ఇక్కడ ఏ దోమలని మాత్రలు మానేశాడు. మూడో వారంలో చలిజ్వరం వచ్చింది. ఊళ్లోని ఆసుపత్రిలో టైఫాయిడ్ అని రెండు రోజులు సెలైన్ ఎక్కించారు, ఎందుకంటే ఆఫ్రికా వెళ్లివచ్చిన సంగతి ఇతను చెప్పలేదు, వారు అడగలేదు. మూడో రోజు రక్తపు పూత చూసేసరికి కళ్లు పచ్చబడ్డాయి, ప్రాణం మీదికి వచ్చింది. తిరిగి వచ్చిన మూడు నెలల లోపు ఏ జ్వరం వచ్చినా ముందుగా వైద్యునికి చెప్పవలసిన మాట “ఉగాండా నుండి వచ్చాను” అన్నదే. డాక్సీసైక్లిన్‌ను భోజనం తర్వాత నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద మంట పుడుతుంది. అది వేసుకునేవారికి ఎండ తగిలితే చర్మం త్వరగా కమిలిపోతుంది కాబట్టి పొడవు చేతుల చొక్కాలు దోమలకూ ఎండకూ రెండింటికీ పనికొస్తాయి.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. ఆ ప్రాంతపు ప్రజలు క్యోగా సరస్సు మీద, దాని చిత్తడి నేలల మీద ఆధారపడి బతుకుతారు. ఆ నీళ్లలోని నత్తల నుండి వచ్చే సూక్ష్మమైన పురుగులు చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతాయి, దానిని బిల్‌హార్జియా అంటారు. మోకాళ్ల లోతు నీళ్లలో కొద్దిసేపు నిలబడినా చాలు. మన బృందాలకు సరస్సులో బాప్తిస్మం ఇచ్చి ఫోటో దిగాలన్న ఆశ బలంగా ఉంటుంది. ఆ బాధ్యత స్థానిక పాస్టర్‌దే, ఆయన మందకు ఆయనే ఇవ్వాలి. మీరు గట్టున నిలబడి పాట పాడండి.

జవాబు (విజయవాడ నుండి, ఫార్మసిస్టు)

వైద్య శిబిరం గురించి నేను చెబుతాను. మన దేశపు రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. బయటి వైద్యులు ఉగాండా మెడికల్ అండ్ డెంటల్ ప్రాక్టీషనర్స్ కౌన్సిల్ నుండి, నర్సులు అక్కడి నర్సులు-మంత్రసానుల కౌన్సిల్ నుండి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. మందులు పెట్టెలకొద్దీ తీసుకువెళ్లాలంటే నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి కావాలి. మీ సొంత వాడకానికి కావలసినవి మందుల చీటీతో సహా అసలు ప్యాకెట్లలో ఉంచుకోండి.

అనుమతులు వచ్చినా ఆ శిబిరం వద్దనే నేనంటాను. రక్తపోటు ఉందని ఒక ముసలాయనకు చెప్పి పదిహేను రోజుల మాత్రలిచ్చి విమానమెక్కితే, పదహారో రోజున ఆయన ఏం చేయాలి? అక్కడ పారిష్ (సంఘపు పారిష్ కాదు, కొన్ని గ్రామాల పాలనా విభాగం) స్థాయిలో రెండో తరగతి, దాని పైన సబ్-కౌంటీ స్థాయిలో మూడో తరగతి ఆరోగ్య కేంద్రాలు ప్రభుత్వానివే ఉన్నాయి, మన ఆశా కార్యకర్తల్లాగా గ్రామ ఆరోగ్య బృందాల వాలంటీర్లూ ఉన్నారు. మీ నర్సులు వారి దగ్గరికి వెళ్లి, వారు అడిగితే ఒక పూట కూర్చొని నేర్చుకోవచ్చు, నేర్పవచ్చు.

ప్రశ్న అడిగినవారు

మీ మాటలు కొంచెం నొప్పించినా ఆలోచింపజేశాయి. మరి బట్టల సంగతి ఏమిటి? స్త్రీల సమాజం వారు మూడు నెలలుగా శ్రమించారు. వద్దని ఎలా చెప్పాలి?

జవాబు (కంపాలాలో ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్న తెలుగువారు)

బట్టలు తేవద్దండీ. ఐరోపా, అమెరికాల నుండి మూటలుగా వచ్చే పాత బట్టలు ఇక్కడ ప్రతి సంతలోనూ గుట్టలుగా ఉంటాయి. వాటిని మివుంబా అంటారు. వాటి మధ్య మన చుడీదార్లు ఎవరు తొడుగుతారు? ఇక్కడి స్త్రీలు పండుగకు కట్టుకునేది భుజాల మీద కోసుగా లేచే గోమెసి. ఆ పేరు కూడా గోమెజ్ అనే గోవా దర్జీ వల్లనే వచ్చిందని చెబుతారు. ఆ బస్తాలకు కట్టే విమాన సామాను ఖర్చుతో సొరోటి సంతలో ఎంతో కొనవచ్చు. మీ సమాజం వారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, నొచ్చుకోరు.

మీరు తెలుసుకోవలసిన మరో విషయం ఉంది. తెల్లవారు వస్తే ముజుంగు అంటారు, మనల్ని ముయిండి అంటారు, అంటే ఇండియావాడు. ఆ మాట వినగానే ఇక్కడివారి మనసులో మెదిలేది దుకాణదారుడు. 1972 ఆగస్టులో అప్పటి ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ ఆసియావారికి తొంభై రోజుల గడువిచ్చి వెళ్లగొట్టినప్పుడు, ఈ దుకాణదారులు దేశాన్ని దోచుకుంటున్నారన్న నిందనే వాడుకున్నాడు. తర్వాత చాలామంది తిరిగి వచ్చారు, ఇప్పుడు సంబంధాలు బాగానే ఉన్నాయి. అయినా కూలివాడి పక్కన కూర్చొని తినే ఇండియావారిని ఇక్కడి పల్లెవాసులు ఎక్కువగా చూడలేదు. మీరు వారితో కలిసి తినడమే సగం సాక్ష్యం.

భోజనం గురించి భయపడకండి. సొరోటి ఉన్న తేసో ప్రాంతపు ముఖ్య ఆహారం అతాప్. రాగి, కర్రపెండలం పిండి కలిపి, ఒక్కోసారి చింతపండు పులుపు కూడా వేసి గట్టిగా కెలికే ముద్ద అది. రాయలసీమవారు కళ్లు మూసుకొని తింటే సంకటి అనే అనుకుంటారు. రాగి పంట పుట్టిందే ఈ తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లో, మన దగ్గరికి తర్వాత వచ్చింది. పక్కన అలసంద ఆకు కూర, వేరుశనగ ముద్ద పులుసు ఉంటాయి. భోజనానికి ముందు ఇంటి ఆడపిల్ల చెంబు, పళ్లెం పట్టుకొని వచ్చి, మోకాళ్ల మీద కూర్చొని, మీ చేతుల మీద నీళ్లు పోస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కంగారుపడి లేచి నిలబడ్డాను, ఆ పిల్ల బిత్తరపోయింది. కదలకుండా చేతులు చాచి “ఎయాలమ” అనండి, అది కృతజ్ఞతలు. నమస్కారానికి వారి భాషలో మాట “యోగా”. మరిచిపోమన్నా మరిచిపోలేరు.

డాలర్లు కొత్త ముద్రణవి, మడతలూ గీతలూ లేనివి తెచ్చుకోండి. వంద, యాభై నోట్లకే మంచి ధర ఇస్తారు. ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ కావాలి. పర్యాటక ఈ-వీసా రుసుము 50 డాలర్లు. అయితే మీరు బహిరంగ కూటాల్లో ప్రసంగిస్తారు గనుక ఆ వీసా సరిపోతుందా, వేరే అనుమతి కావాలా అన్నది ఆహ్వానించిన సంఘమే ఇమిగ్రేషన్ వారిని ముందుగా అడిగి తెలుసుకోవాలి. దరఖాస్తులో విహారయాత్ర అని రాసి సువార్త పత్రికల పెట్టెతో దిగడం బాగుండదు.

జవాబు (విశ్రాంత పాస్టర్, మహబూబాబాద్ జిల్లా)

నా పెద్దవయసు చొరవతో రెండు మాటలు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన దేశపు సేవకుడు వి.ఎస్. అజరయ్య గారు తెల్ల మిషనరీల ఎదుట నిలబడి, మీరు బీదలకు ఆస్తి పంచారు, శరీరాలను కాల్చబడుటకు అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. రెండేళ్లకు ఆయన మా దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆ మాట విన్నప్పుడల్లా మనం అడిగేవారి పక్షాన కూర్చొని చప్పట్లు కొట్టాము. ఇప్పుడు మన బృందాలు ఇచ్చేవారి కుర్చీలో కూర్చుంటున్నాయి, కాబట్టి ఆ మాట ఈసారి మనకే చెల్లుతుంది.

ప్రసంగాల విషయం. అక్కడ ఇంగ్లీషు నుండి వారి భాష అతేసోలోకి తర్జుమా చేస్తారు. మీ ప్రసంగీకుడు తెలుగే మాట్లాడితే మధ్యలో మరొకరు కావాలి, పది నిమిషాల మాట అరగంట అవుతుంది. ప్రాసలు, పిట్టకథలు దారిలోనే రాలిపోతాయి. చిన్న వాక్యాలు చెప్పి ఆగండి. ఆదివారం ఆరాధన ముగిశాక కోళ్లు, గుడ్లు, పెండలం గడ్డలు వేలం వేస్తే ఆశ్చర్యపోకండి, మన పల్లె సంఘాల కోత పండుగ వేలం లాంటిదే అది. మీరు వేలం పాట పాడవచ్చు, కానీ ధర పైకి పైకి పెంచి ఊరి పెద్దను ఓడించకండి.

డబ్బు ఇవ్వాలనుకుంటే సంఘం ట్రస్టు ఖాతా నుండి విదేశానికి పంపే ముందు ఆడిటర్‌ను అడగండి. ట్రస్టు ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే ఆదాయపు పన్ను మినహాయింపుకు చిక్కు వస్తుంది. ఏ పిల్లవాడి చేతిలోనూ నేరుగా డబ్బు పెట్టవద్దు, మీరు వెళ్లాక దాని గొడవలు తీర్చవలసినది అక్కడి పాస్టరే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి సొరోటి పాస్టర్ గారికి ఫోన్ చేసి, మా పట్టిక పక్కన పెట్టి, మీకు ఏమి కావాలని అడిగాము. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, దూరపు సంఘాలకు నడిచివెళ్లే ఇద్దరు సువార్తికులకు సైకిళ్లు కావాలన్నారు, అవి సొరోటిలోనే దొరుకుతాయట. రెండోది, సంఘంలోని స్త్రీల పొదుపు గుంపులకు లెక్కల పుస్తకం రాయడం ఎవరైనా నేర్పగలరా అని అడిగారు. మా స్త్రీల సమాజంలో ముగ్గురు పదిహేనేళ్లుగా డ్వాక్రా సంఘాల లెక్కలు రాస్తున్నవారే, కానీ ఆ ముగ్గురిలో ఒక్కరి పేరు కూడా మా పదకొండు మంది జాబితాలో లేదు. వారిలో ఇద్దరికి పాస్‌పోర్టులు కూడా లేవు. తత్కాల్ కింద ఈ వారమే దరఖాస్తు చేయిస్తున్నాము. నారాయణగూడలో టీకాకు పేర్లు రాయించడం పాస్‌పోర్టులు వచ్చాకే. 63 ఏళ్ల సహోదరిని సోమవారం వైద్యుని దగ్గరికి తీసుకువెళ్తున్నాము, ఆయన వద్దంటే వద్దు.

ఒక చిన్న సందేహం మిగిలింది. లెక్కల పుస్తకాలు ఇక్కడి నుండి తీసుకువెళ్లాలా, అక్కడ దొరుకుతాయా?

జవాబు (కంపాలా నుండి)

దొరుకుతాయి. గళ్లు గీసిన పుస్తకం సొరోటిలో ఏ స్టేషనరీ దుకాణంలోనైనా ఉంటుంది. వారికి అలవాటైన పుస్తకంలోనే నేర్పండి.