0870 ల్యాండ్‌లైన్‌ను ముంచింది సెల్‌ఫోనా, జేసీబీనా?

తీగలాగితే:
వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో (ఫోన్ కోడ్ 0870) మిగిలిన రాగి తీగ కనెక్షన్లు ఒక్కొక్కటే ఫైబర్‌కు మారుతున్నాయి. మొన్న దీని మీద మాట వస్తే ఒకాయన "సెల్ వచ్చింది, ల్యాండ్‌లైన్ పోయింది, ఇందులో ఏముంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అది సగం నిజమే అని నా అనుమానం. తీగ అదే, బోర్డు మాత్రం మారుతూ వచ్చింది: తపాలా తంతి శాఖ, 1985 నుంచి టెలికాం శాఖ, 2000 అక్టోబర్ 1 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్. ఏ దశలో దెబ్బ పడింది, ఎక్కడ పడింది? "మా ఇంటికి ఫోన్ వచ్చిన రోజు" ముచ్చట్లకు వేరే చర్చ ఉంది. ఇక్కడ పని తెలిసినవాళ్ళు లెక్కలతో రాయండి.

ఎరుపు_నారింజ:
నా ఓటు జేసీబీకే. తీగ దారి తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు కాబట్టి ముందు అది.

ఎక్స్చేంజిలో ఎండీఎఫ్ (తీగలన్నీ వచ్చి చేరే చట్రం) నుంచి లావు కేబుల్ బయలుదేరి రోడ్డు పక్క కేబినెట్‌కు వస్తుంది. అక్కడి నుంచి పిల్లర్ (అంతకంటే చిన్న పెట్టె), పిల్లర్ నుంచి స్తంభం మీదో గోడ మీదో ఉండే డీపీ డబ్బా, అక్కడి నుంచి ఇంటికి డ్రాప్ వైర్. ఎక్స్చేంజి నుంచి మీ ఫోన్ దాకా ఒకే జత తీగ, కానీ దారిలో పదీ పదిహేను చోట్ల అతుకులు. ఫోన్ పాడైందంటే తొంభై పాళ్ళు ఈ అతుకుల్లోనే, ఎక్స్చేంజి యంత్రంలో కాదు.

800 జతల కేబుల్‌ను జేసీబీ పన్ను తెంపిందనుకోండి. కలపాల్సినవి 1600 తీగలు, అదీ ఒక వైపే. మధ్యలో ముక్క పాడైతే కొత్త ముక్క వేసి రెండు వైపులా కలపాలి, అంటే 3200. రంగులే దిక్కు: 20 జతల కట్టలో తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు ఒక్కోదానికి నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద తోడు. తెలుపు-నీలం 1వ జత, ఎరుపు-నారింజ 7వ జత. బురద నీళ్ళున్న గోతిలో, టార్చి వెలుతురులో గోధుమ ఏదో బూడిద ఏదో పోల్చుకోవడం మాటలు కాదు. ఒక్క తీగ తారుమారైతే రెండు ఇళ్ళ ఫోన్లు కలిసిపోతాయి.

కలిపాక అతుకు మీద స్లీవ్ (తొడుగు) వేసి వేడి చేసి బిగించాలి. లోపలికి చుక్క నీరు పోకూడదు. కేబుల్‌లో జెల్లీ నింపేది అందుకే. కానీ తొందర పని జరిగిన చోట స్లీవ్ అంచు సరిగా పట్టదు, మొదటి వానకు తేమ చేరుతుంది, లైన్‌లో గరగర మొదలవుతుంది. ఎక్స్చేంజిలో పాజిటివ్‌ను ఎర్త్ చేసి లైన్‌కు మైనస్ 48 వోల్టులు ఇచ్చేది రాగి కరిగిపోకుండా ఉండాలనే. అయినా తడి అతుకులో ఎర్త్ తగిలితే చిలుము పట్టి తీగ సన్నబడి ఓ రోజు తెగుతుంది. మన రేగడి నేలలు ఎండాకాలం పర్రెలు ఇచ్చి, వానాకాలం ఉబ్బుతాయి. అతుకు మీద ఏటా లాగుడు.

ఇక తవ్వకాలు: డ్రైనేజీ, మంచినీళ్ళ పైపులు, రోడ్డు వెడల్పు, 2016లో వరంగల్ స్మార్ట్ సిటీ జాబితాలోకి ఎక్కాక ఆ పనులు. రాగి కేబుల్ మీటరు లోతులో ఉండాలని రూలు. రాతి నేల వచ్చిన చోట అంత లోతు ఎవరు తవ్వారు? జానెడు కింద తగిలేవి ఎన్నో.

పల్స్‌రేటు:
ఎరుపు_నారింజ గారూ, అతుకుల సంగతి మీరు చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పరు, ఒప్పుకుంటా. కానీ రోగం పుట్టిన తేదీ తప్పు. తవ్వకాలు 1995లోనూ ఉన్నాయి. అప్పుడు కేబుల్ తెగితే గోతి చుట్టూ జనం మూగి "ఎప్పుడు కలుపుతారు సారూ" అని అడిగేవాళ్ళు, కలిపేవాళ్ళు. తర్వాత అడిగేవాళ్ళే లేరు.

తేదీలు చూడండి. 2003 మే 1 నుంచి సెల్‌కు వచ్చే కాల్ ఉచితం, చేసినవాడే కడతాడు. అదే ఏడు 501 రూపాయలకు హ్యాండ్‌సెట్ ఆఫర్ వచ్చింది. 2004 అక్టోబర్‌కు దేశంలో సెల్ కనెక్షన్ల సంఖ్య ల్యాండ్‌లైన్లను దాటింది. 2006 మార్చి 1 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ళే దేశమంతా నిమిషానికి రూపాయి ప్లాను తెచ్చారు. దాంతో పసుపు బోర్డు ఎస్టీడీ బూత్‌ల ఆదాయానికి మూలమైన, దూరాన్ని బట్టి ఉండే రేటు తేడా మాయమైంది. రాత్రి 11 దాటాక పావు రేటు కోసం బూత్ ముందు వరస కట్టే కాలం మూడేళ్ళలో ముగిసింది.

ఇంకోటి, కేబుల్ ఖర్చు తిరిగొచ్చే దారి కూడా మూసుకుంది. చిన్న ఎక్స్చేంజికి అద్దె తక్కువ అని రూలు, కానీ పల్లెలో ఇంటికి పట్టే రాగి పట్నం కంటే ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి 2003లో యాక్సెస్ డెఫిసిట్ ఛార్జీ అని పెట్టి, మిగతా కంపెనీల కాల్స్ నుంచి కొంత ఇప్పించారు. తగ్గిస్తూ తగ్గిస్తూ 2008లో ఆపేశారు. పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ లాంటి చోట్ల తీగ మీద పెట్టిన ప్రతి రూపాయీ ఆ తర్వాత నష్టమే. నష్టమని తెలిసిన తీగకు ఎవరు కొత్త స్లీవ్ వేస్తారు? జేసీబీ శవాన్ని పొడిచింది, అంతే.

తాడ్వాయి_దారి:
మీరిద్దరు పట్నం ముచ్చటే జెప్తున్నరు. ములుగు అవతల తీగ ఎన్నడు సక్కగ పోయింది గనుక సచ్చిందనుడు?

అడవి ఊర్లకు తొంభైలల్ల ఇచ్చింది తీగ కాదు, ఎంఏఆర్‌ఆర్ రేడియో. ఎక్స్చేంజి కాడ ఒక స్టేషను, ఊరి పంచాయతి ఫోన్ కాడ చిన్న ఏంటెనా, సోలార్ పలక, బ్యాటరీ. 2/15 అనేటోళ్ళు: 15 ఊర్లకు కలిపి రెండే దారులు. అంటే ఒకటే సారి ఇద్దరు మాట్లాడితే మిగిలిన 13 ఊర్లు ఊకుండాల్నన్నట్టు. జాతరప్పుడు ఎట్లుంటదో మీరే అర్థం జేసుకోండ్రి. బ్యాటరీల నీళ్ళు పోసేటోడు లేక ఎండిపోవుడు, పలక మీద చెట్టు నీడ పడి ఛార్జి కాకపోవుడు, పిడుగుకు కార్డు కాలుడు. ఏంటెనా ఇంత పక్కకు తిరిగినా మాట రాదు. లెక్కల్ల "ఊరికి ఫోన్ ఇచ్చినం" అని ఉంటది, ఎత్తి చూస్తే టోన్ ఉండది. తర్వాత డబ్ల్యూఎల్‌ఎల్ (తీగ లేని ఫోన్) పెట్టెలు ఇచ్చిండ్రు. అవి కొంచెం నయం.

గా ఊర్లకు సెల్ ల్యాండ్‌లైన్‌ను సంపలే. ల్యాండ్‌లైన్ అచ్చేలోపలనే సెల్ అచ్చింది. మూడో జవాబు కూడ మీ ఓట్ల పెట్టెల వేసుకోండ్రి.

తీగలాగితే:
తాడ్వాయి అన్నా, ఇది నేను ప్రశ్నలోనే పెట్టాల్సింది. చర్చను 0870, 0878 (కరీంనగర్) పట్టణాలకు, వాటి చుట్టూ తీగ నిజంగా ఉన్న మండలాలకు పరిమితం చేద్దాం.

ఎరుపు_నారింజ:
పల్స్‌రేటు గారి తేదీలకు నా దగ్గర ఒక్క తేదీ జవాబు: 2005 జనవరి 14. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైన రోజు. మాటకు సెల్ పోటీ, సరే. కానీ ఇంటర్నెట్‌కు అప్పుడు సెల్ పోటీ కాదు. ఇంటికి వచ్చే ఆ రాగి జతే ఎవరి దగ్గరా లేని ఆస్తి. రెండో పుట్టుక లాంటిది అది.

దాన్ని ఎట్లా పోగొట్టుకున్నారో కొలతల్లో చూడండి. 0.5 మిల్లీమీటర్ల తీగ జత కిలోమీటరుకు దాదాపు 170 ఓములు, 0.4 అయితే దాదాపు 280. ఉత్త మాటకు లూప్ (పోనూ రానూ కలిపి తీగ జత) 1000 ఓముల దాకా పోయినా నడుస్తుంది, గరగర ఉన్నా జనం సర్దుకుంటారు. ఏడీఎస్‌ఎల్ (రాగి తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్) సర్దుకోదు. ఎక్స్చేంజికి దగ్గరుంటేనే వేగం, నాలుగు కిలోమీటర్లు దాటితే 2 ఎంబీపీఎస్ నిలబడటం కష్టం. దారిలో తడి అతుకు ఉంటే దూరంతో పనిలేదు, మోడెం లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఒక జతలో ఒక తీగకు మాత్రమే ఎర్త్ తగిలితే ఫోన్ మోగుతుంది, మాట వినిపిస్తుంది, నెట్ మాత్రం నిమిషానికోసారి తెగుతుంది. 198కి ఫిర్యాదు చేస్తే టెస్టులో "లైన్ ఓకే" అని వస్తుంది, ఎందుకంటే వాళ్ళు చూసేది టోన్. ఫిర్యాదు మూసేస్తారు. ఇట్లా మూడుసార్లయితే వినియోగదారుడు ఫోన్ అప్పగించేస్తాడు. అడిగేవాళ్ళు లేరన్నారు కదా, 2005 నుంచి 2012 దాకా అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను పోగొట్టింది అతుకులే.

బ్యాటరీగది:
ఒక్కరూ కరెంటు సంగతి ఎత్తలేదేం? ల్యాండ్‌లైన్ గొప్పంతా అదే: ఇంట్లో కరెంటు లేకున్నా మోగుతుంది. ఎక్స్చేంజిలో 2 వోల్టుల బ్యాటరీ సెల్‌లు 24 వరసగా, 48 వోల్టులు. గంట కొట్టడానికి విడిగా 75 వోల్టుల ఏసీ.

కానీ ఇక్కడా చెద పట్టింది. 128, 256 లైన్ల దేశీ సీ-డాట్ చిన్న ఎక్స్చేంజిలు పల్లెపల్లెకూ పెట్టగలిగారంటే వాటికి ఏసీ గది అక్కర్లేదు కాబట్టే. యంత్రం ఎండకు తట్టుకుంది, బ్యాటరీ తట్టుకోలేదు. మూతబిగించిన లెడ్ బ్యాటరీకి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అవుతుందని మోటు లెక్క. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో రేకుల గదిలో ఎంతుంటుందో చెప్పాలా? ఎనిమిది గంటలు ఆగాల్సిన సెట్టు గంటన్నరకు పడిపోతుంది. ఒక్క సెల్ చచ్చినా 24 సెల్‌ల వరస అంతా దానితోపాటే. జనరేటర్ ఉంటుంది, డీజిల్ ఉండదు. రాష్ట్రం విడిపోకముందు పల్లెల్లో కరెంటు కోతలు గుర్తున్నాయి కదా. ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోయేది. ఇంక సెల్‌ఫోన్ కంటే దీని గొప్పేంటి?

అందుకే నాది నాలుగో ఓటు: బ్యాటరీ.



పల్స్‌రేటు:
బ్యాటరీ, అతుకు, స్లీవ్ అన్నీ ఒకటే జబ్బు, డబ్బు. మీరిద్దరూ నా వాదననే వేరే దారిలో చెబుతున్నారు. అయితే ఎరుపు_నారింజ గారి 2005 దగ్గర నేను ఒక మెట్టు దిగుతా: ఆ ఏడేళ్ళు ఆదాయం వచ్చే చాన్సు ఉంది. హన్మకొండ చౌరస్తా, సుబేదారి, నక్కలగుట్ట వైపు కాలేజీలు, హాస్టళ్ళు, నెట్ సెంటర్లు, అడిగినవాళ్ళు గట్టిగానే ఉన్నారు. అక్కడ దాకా మీదే గెలుపు.

కానీ 2020 జనవరి 31న ఒక్కరోజే 78,569 మంది బీఎస్‌ఎన్‌ఎల్ ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకోవడమే కారణమనే వాదన మాత్రం ఎవరూ తేవద్దు. అప్పటికే అయిపోయింది. వాళ్ళతో పోయింది తీగ కాదు, ఏ గల్లీలో ఏ అతుకు ఎక్కడ పూడ్చారో ఆ జ్ఞాపకం. రికార్డులో "కేబినెట్ నుంచి పిల్లర్" అని గీత ఉంటుంది, వేపచెట్టు పక్క నుంచా కల్వర్టు కింద నుంచా అని ఉండదు.

కోతిచేష్ట:
అయ్యలారా, ఫైబర్ వచ్చాక ఈ బాధలు పోయాయనుకుంటున్నారా? ఓసారి పైకి చూడండి. కరెంటు స్తంభాల మీద వేలాడేదంతా అదే. ఊళ్ళల్లో కోతులు దాని మీద ఊగుతాయి, కొరుకుతాయి. రాగికి ఎలుక, దీనికి కోతి.

వెలుతురు లెక్క చాలా ఉదారంగా ఉంటుంది: ఎక్స్చేంజిలో ప్లస్ 3 డీబీఎం (వెలుతురు బలం కొలత), 64 ఇళ్ళకు చీల్చే స్ప్లిట్టర్ దగ్గర 20 దాకా పోతుంది, ఐదు కిలోమీటర్లకు ఒకటిన్నర, అతుకులకు రెండు. ఇంటికి మైనస్ 20, 21 వస్తుంది. మైనస్ 27 దాకా నడుస్తుంది. అంటే ఇంకా ఆరు మిగులుంది. ఆ మిగులు ఎక్కడ పోతుంది? మేకు చుట్టూ బిగించి మడత పెట్టిన డ్రాప్ కేబుల్‌లో, మూత లేని జాయింట్ డబ్బాలో, దుమ్ము పట్టిన కనెక్టర్‌లో. ఇంట్లో పెట్టె మీద ఎర్ర లైటు వెలిగేది అప్పుడు. అతుకు బదులు మడత, పేరొక్కటే మారింది.

ఎరుపు_నారింజ:
తేడా ఉంది. 24 పోగుల ఫైబర్ తెగితే 24 అతుకులు, మిషను పెట్టి గంటల్లో అయిపోతుంది. 1600 తీగలు కాదు. తెగేది ఎక్కువే, కలిపేది సులువు. అందుకే ఇది బతుకుతుంది.

తీగలాగితే:
ఓట్లు: జేసీబీ ఒకటి, డబ్బు ఒకటి, బ్యాటరీ ఒకటి, "అసలు రానేలేదు" ఒకటి. ఇక్కడికి వచ్చి చదివేవాళ్ళలో చాలామందికి ఇంకా పాత 0870 నంబరు ఉంది. పాత నంబరు పోకుండా ఫైబర్‌కు మారేటప్పుడు ఏం జాగ్రత్త?

బ్యాటరీగది:
నంబరు అదే ఉంచమని దరఖాస్తులోనే రాయండి, కొత్త కనెక్షన్ అని రాశారో కొత్త నంబరే వస్తుంది. పాత బకాయి ఉంటే ముందు కట్టేయండి, డిపాజిట్ రసీదు దొరికితే జత చేయండి. సెల్‌లో నంబరు కంపెనీ మార్చుకున్నట్టు ల్యాండ్‌లైన్‌ను వేరే కంపెనీకి తీసుకుపోలేరు.

ఫైబర్ పెట్టెలో ఫోన్ పోర్టు ఉంటుంది, పాత ఫోన్ అందులో పెట్టవచ్చు. వేలు పెట్టి తిప్పే డయల్ ఫోన్ అయితే గంట మోగుతుంది కానీ చాలా పెట్టెల్లో డయల్ పనిచేయదు, బటన్ ఫోనే కావాలి. పెట్టెకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ తప్పనిసరి, లేకుంటే కరెంటు పోగానే ఫోన్ పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం: ఇంట్లో గదిగదికీ ఉన్న పాత వైరింగ్‌నే వాడుకుందామని ఆ పోర్టుకు కలిపేవాళ్ళు, ముందు బయటి డ్రాప్ వైర్‌ను గోడ దగ్గర విప్పేయండి. పాత లైన్ ఇంకా మూయకపోతే దాని మీద మైనస్ 48 వోల్టులు అట్లానే ఉంటాయి, ఎవరైనా ఆ నంబరుకు చేస్తే 75 వోల్టుల గంట కూడా వస్తుంది. అది నేరుగా కొత్త పెట్టెలోకి పోయి పోర్టు కాలుతుంది. విప్పిన కొసలకు టేపు చుట్టి పక్కకు కట్టండి, కత్తిరించి వదిలేస్తే వానకు రెండూ తాకి లైన్ షార్ట్ అవుతుంది.