పిల్లల గొంతునొప్పి: పరీక్ష లేకుండానే యాంటీబయాటిక్ మొదలుపెట్టొచ్చా?

కలువ: 101 జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లపొర, దవడ కింద నొక్కితే నొప్పెట్టే బిళ్లలు, దగ్గు లేదు. ఇన్ని లక్షణాలుంటే స్వాబ్ (పుల్లతో గొంతులోంచి నమూనా తీయడం) దేనికి? వెంటనే అమాక్సిసిలిన్ (పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్) ఇవ్వాలంటాను. స్ట్రెప్‌ని (గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియాని) వదిలేస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. దాని ముందు ఒక కోర్సు మందు ఎంత?

మొగలిరేకు: ముప్పు నిజమే, తొందర మాత్రం అక్కర్లేదు. గొంతునొప్పి మొదలైన 9 రోజుల్లోపు మందు పడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపొచ్చు. కల్చర్‌కి (స్వాబ్‌లోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి) పట్టేది ఒకటి రెండు రోజులే. తెల్లపొర అడెనోవైరస్‌లోనూ వస్తుంది, ఎప్‌స్టీన్-బార్ వైరస్‌లోనూ వస్తుంది. ఈ రెండోది ఉన్న పిల్లలకు అమాక్సిసిలిన్ ఇస్తే చాలాసార్లు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అంతటితో పెన్సిలిన్ పడదన్న ముద్ర పడిపోతుంది, ముందుముందు మంచి మందు దూరమవుతుంది. గొంతునొప్పితో వచ్చే పిల్లల్లో పదిమందికి ఇద్దరు ముగ్గురిలోనే స్ట్రెప్ ఉంటుంది. ముక్కు కారుతూ, గొంతు బొంగురుపోయి, కళ్లు ఎర్రబడితే అది వైరస్ పనే, పరీక్ష కూడా వద్దు.

కలువ: రాపిడ్ టెస్ట్ (నిమిషాల్లో ఫలితమిచ్చే స్వాబ్ పరీక్ష) నెగెటివ్ వచ్చి, కల్చర్‌లో పాజిటివ్ తేలినవి లేవా?

పొద్దుతిరుగుడు: ఉన్నాయి. నిజంగా స్ట్రెప్ ఉన్న వందమందిలో సుమారు 15 మందిని రాపిడ్ టెస్ట్ పట్టుకోలేదు. అందుకే పిల్లల్లో నెగెటివ్ వస్తే కల్చర్‌కి పంపాలి. సగం తప్పులు స్వాబ్ తీసేటప్పుడే జరుగుతాయని నా నమ్మకం. నాలుకను అదిమిపట్టి రెండు టాన్సిల్స్‌నీ, గొంతు వెనక గోడనీ గట్టిగా రుద్దాలి. పుల్ల నాలుకకో బుగ్గకో తగిలితే లాలాజలమే వస్తుంది. పిల్లలకు డోకు వస్తుందని మధ్యలో ఆపేస్తే ఆ స్వాబ్ పనికిరాదు. యాంటీబయాటిక్ పడ్డాక తీసినా కల్చర్‌ని నమ్మలేం. ఇంకో చిక్కు: జబ్బు లేకుండానే గొంతులో స్ట్రెప్ మోసే పిల్లలుంటారు. వైరస్ లక్షణాలున్నప్పుడు పరీక్ష చేస్తే అనవసరంగా పాజిటివ్ చూస్తాం.

కలువ: సరే. కల్చర్ దొరకని చోట, రుమాటిక్ జ్వరం ఎక్కువగా ఉన్న చోట?

మొగలిరేకు: అక్కడ మీ మాటే సరైనది, లక్షణాలు చూసి మొదలుపెట్టాలి. మొదలుపెడితే సగంలో ఆపొద్దు. అమాక్సిసిలిన్ బిడ్డ బరువులో కిలోకి 50 మి.గ్రా. చొప్పున రోజుకొకసారి, 1000 మి.గ్రా. మించకుండా, 10 రోజులు. 16 కిలోల బిడ్డకి 800 మి.గ్రా., అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ 16 మి.లీ. సీసా మీద 5 మి.లీ.లో 125 మి.గ్రా. అని ఉంటే ఆ 16 మి.లీ.తో సగం డోసే వెళ్తుంది. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగగానే ఇళ్లలో సీసా పక్కన పెట్టేస్తారు, గొంతులో బ్యాక్టీరియా మాత్రం మిగిలిపోతుంది.

పొద్దుతిరుగుడు: బ్రిటన్ మార్గదర్శకాలు పెన్సిలిన్‌ని 5 నుంచి 10 రోజులు అంటున్నాయి. రుమాటిక్ జ్వరం అరుదైన చోట అది నడుస్తుంది. అజిత్రోమైసిన్ అనే వేరే రకం యాంటీబయాటిక్‌ని మాత్రం సులువైన దారి అనుకోవద్దు, దానికి లొంగని స్ట్రెప్ చాలాచోట్ల ఉంది. పెన్సిలిన్ నిజంగా పడని పిల్లలకే దాన్ని ఉంచాలి. ఇక నోరు తెరవలేకపోయినా, చొంగ మింగలేక కార్చేస్తున్నా, ఊపిరి కష్టమైనా స్వాబ్, సిరప్ మాట పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.